ఆ ఐరిష్ మాటకు తల వంచడం ఒక్కటే అర్థం కాదు

సంపాదకులకు నమస్కారం.

వివిధ భాషల్లో సుగుణాల పేర్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో ఐరిష్ వంతు వచ్చేసరికి వినయానికి ‘ఉమ్హ్‌లయోచ్ట్’ అనే మాట ఇచ్చారు. దాని అర్థం ‘తల వంచి బతకడం’ అన్నారు. ఐరిష్ వాళ్లు పుట్టుకతోనే సాధుస్వభావులు కాబట్టి ఆ మాట వాళ్ల మట్టిలోనే పుట్టిందన్నారు. చివర్లో, మన పిల్లలకు అర్జంటుగా నేర్పాల్సిన గుణం ఇదేనని ముగించారు.

నేను ఐర్లండ్ పడమటి తీరంలో, గాల్వేలో, వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మా దగ్గరున్న పెద్దవాళ్లలో కొనెమరా పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఇంట్లో ఐరిష్ మాట్లాడుతూ పెరిగారు, ఇంగ్లిష్ తర్వాత నేర్చుకున్నారు. డిమెన్షియా ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్నది ముందు జారిపోతుంది. నొప్పి ఎక్కడుందో, దాహం వేస్తోందో లేదో అడగాలంటే ఐరిష్ రావాలి. అలా మొదలుపెట్టి సాయంత్రం క్లాసులకు వెళ్లాను. ఇప్పుడు అవసరం కోసమే కాదు, ఇష్టంతో చదువుతున్నాను. అందుకే మీ వ్యాసంలోని ఆ నాలుగు వాక్యాలు చూసి ఊరుకోలేకపోయాను.

ముందు పలకడం గురించి. ఆ మాటను ‘ఊలీఅఖ్త్’ అనాలి. ఐరిష్ రాతలో హల్లు పక్కన ‘హెచ్’ కనిపిస్తే దాన్ని విడిగా పలకరు. ముందున్న హల్లు మెత్తబడిందని చెప్పడానికే అది. పాత లిపిలో ఆ హల్లు నెత్తిన ఒక చుక్క పెట్టేవాళ్లు, ఇరవయ్యో శతాబ్దంలో అచ్చు సౌకర్యం కోసం చుక్క పోయి హెచ్ వచ్చింది. మెత్తబడిన ‘మ’ సాధారణంగా ‘వ’ అవుతుంది. ‘నీవ్’ అనే ఆడపిల్ల పేరు చివర రాసేది ఎం, హెచ్ అనే అక్షరాలే. అదే ‘ఉ’ పక్కన పడితే అచ్చులో కరిగిపోయి ‘ఊ’ అని దీర్ఘం మాత్రం మిగులుతుంది. అందుకని విశేషణం ‘ఊఅల్’, దాన్నుంచి వచ్చిన నామవాచకం ‘ఊలీఅఖ్త్’. ఇంగ్లిష్ అక్షరాలు చూసి తెలుగులోకి దించితే ఐరిష్ మాట ఏదైనా ఇలాగే గుర్తుపట్టలేకుండా తయారవుతుంది. భాషల మీద వ్యాసం వేసేటప్పుడు ఆ భాష వచ్చినవాళ్లను ఒక్కసారి అడిగితే బాగుంటుంది.

ఇక పుట్టుక. మట్టి సంగతి మీ వ్యాసకర్త ఊహించి రాసినా సగం నిజమే, కానీ ఆ మట్టి లాటిన్ మట్టి. లాటిన్‌లో నేలను ‘హ్యూముస్’ అంటారు. దాన్నుంచి నేలకు దగ్గరగా ఉండేది, ఎత్తు లేనిది అనే అర్థంలో ‘హ్యూమిలిస్’ వచ్చింది. రోమన్ల వాడుకలో అదేమీ మెచ్చుకోలు కాదు. తక్కువ కులస్తుడు, అల్పుడు, దిక్కులేనివాడు అన్నట్టు ఉండేది. దాన్ని సుగుణం చేసింది క్రైస్తవం. ఆ మతంతో పాటే మాట కూడా సముద్రం దాటి ఐర్లండ్ చేరింది.

ఐర్లండ్‌లో అప్పటికే క్రైస్తవులు ఉన్నారని, వాళ్ల కోసం 431లో పోప్ సెలెస్టీన్ పల్లాడియుస్ అనే బిషప్‌ను పంపాడని ఆ కాలపు లాటిన్ చరిత్రకారుడు ప్రోస్పర్ రాశాడు. ఆ తరాల్లో చర్చితో వచ్చిన లాటిన్ మాటలు ఇవాళ్టి ఐరిష్ నిండా ఉన్నాయి. పుస్తకం, రాయడం, పాపం, దీవెన, శాపం, దేవదూత, పూజారి, బిషప్ అన్నీ అలా వచ్చినవే. తొలి దశలో వచ్చిన మాటల్లో ‘ప’ కాస్తా ‘క’ అయింది, ఎందుకంటే అప్పటి ఐరిష్‌కు ‘ప’ అనే ధ్వనే లేదు. అలా ‘పాస్కా’ అనే ఈస్టర్ పండుగ ‘కాష్క్’ అయి కూర్చుంది. ‘హ్యూమిలిస్’ విషయానికొస్తే, అప్పటికే లాటిన్ మాట్లాడేవాళ్ల నోట మొదటి ‘హ’ పడిపోయింది కాబట్టి ఐరిష్‌లోకి అది ‘ఉమల్’గా వచ్చింది. రాత అలా ఉన్నా ‘మ’ను అప్పుడే మెత్తగా, ముక్కుతో పలికేవాళ్లు. బ్రిటన్‌లో లాటిన్‌ను అలాగే పలికేవారు. ఐర్లండ్ అంతా తమ పోషక సాధువుగా కొలిచే పాట్రిక్‌తో సహా తొలి ప్రచారకుల్లో బ్రిటన్ నుంచి వచ్చినవాళ్లు ఉండటం వల్ల ఆ యాస ఐరిష్‌కు అంటుకుంది. ఒక మాట ఏ దారిన వచ్చిందో దాని మీదున్న దుమ్మే చెబుతుంది.

నామవాచకం కథ ఇంకోటి. పాత ఐరిష్ వాళ్లు లాటిన్ నామవాచకాన్ని కూడా విడిగా తెచ్చుకుని ‘ఉమల్దోయిత్’ చేసుకున్నారు. క్రైస్తవుల త్రిత్వానికి ఇప్పటికీ ఐరిష్‌లో ఉన్న మాట చివర వినిపించేది అదే తోక. ఇవాళ మామూలుగా వాడే ‘ఊలీఅఖ్త్’ మాత్రం విశేషణానికి ఐరిష్ సొంత ప్రత్యయం తగిలించి కట్టిన మాట. పాట పాడటానికి, కథ చెప్పడానికి ఉన్న మాటల చివర కూడా ఇదే ‘ఈఅఖ్త్’ వస్తుంది. అందుకేనేమో, క్లాసులో మొదటిసారి విన్నప్పుడు అది నాకు మనసులో దాచుకునే గుణంలా కాకుండా, చేసే పనిలా వినిపించింది. ఇది నా చెవికి తోచింది, వ్యాకరణ సూత్రం కాదు.

నేల సంగతి వదిలే ముందు ఒక విషయం చెప్పాలి, నాకు దీని మీద చాలా ఇష్టం. ఐరిష్‌లో మనిషిని ‘దిన్యె’ అంటారు. అది అరువు మాట కాదు, అచ్చంగా వాళ్లదే, వేల ఏళ్ల నాటిది. దాని మూలార్థం నేలకు చెందినవాడు అని భాషావేత్తలు తేల్చారు. లాటిన్ ‘హ్యూముస్’, మన పురాణాల్లో కనిపించే ‘క్ష్మా’ అనే భూమి పేరు, ఐరిష్ ‘దిన్యె’ ఒకే ప్రాచీన ధాతువు నుంచి విడిపోయినవి. అంటే ‘ఊఅల్’ అనే మాట రోము మీదుగా చుట్టూ తిరిగి వచ్చి, ఎప్పుడో తప్పిపోయిన తోబుట్టువున్న ఇంటికే చేరింది. ఐరిష్‌లో ‘వినయం గల మనిషి’ అంటే ఆ రెండు మాటలూ పక్కపక్కన నిలబడతాయి. పలికేవాళ్లకు ఆ చుట్టరికం తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఇప్పుడు అర్థం దగ్గరకు వస్తాను, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. మనం ‘వినయ విధేయతలు’ అని జంటగా అంటాం. జంటగా అన్నా అవి రెండు మాటలు, కావాలంటే ఒకటి ఉంచి రెండోది తీసేయొచ్చు. ఐరిష్‌లో ఆ రెంటికీ కలిపి ఒకటే మాట. నిఘంటువు తీస్తే ‘ఊఅల్’ పక్కన వినయం గల, విధేయుడైన అని వరసగా ఉంటాయి. దాన్నుంచి వచ్చిన క్రియకు వంగి నమస్కరించడం, లోబడటం అని అర్థాలు. చర్చిలో బలిపీఠం ముందు మోకాలు వంచడానికీ అదే. అలాంటప్పుడు ‘వినయంగా ఉండు’ అని పిల్లవాడికి ఐరిష్‌లో చెబితే ‘చెప్పినట్టు విను’ అని కూడా చెప్పినట్టే. ఇది చిన్న విషయం కాదు.

సన్యాసులకు ఈ రెండూ కలిసి ఉండటంలో ఇబ్బంది లేదు, వాళ్లు కోరి వెళ్లినవాళ్లు. ఐర్లండ్‌లోని బాంగోర్ మఠం నుంచి 590 ప్రాంతంలో యూరప్ వెళ్లిన కొలంబానుస్ తన సన్యాసుల కోసం రాసిన నియమావళి మొదటి అధ్యాయమే విధేయత గురించి. పెద్దవాడి నోటి నుంచి మొదటి మాట రాగానే లేచి పాటించాలంటాడు. ఇష్టమొచ్చినట్టు మాట్లాడకూడదు, ఇష్టమొచ్చిన చోటికి వెళ్లకూడదు అంటాడు. చదివితే ఊపిరాడదు.

అదే మనిషి బయట ఎలా ఉన్నాడో చూడండి. అప్పటి ఫ్రాంకుల రాజు థ్యూడెరిక్‌కు ఉంపుడుగత్తెల వల్ల పుట్టిన కొడుకులను దీవించమంటే దీవించనన్నాడు. రాజుతో ఆ విరోధం ముదిరి చివరికి 610లో ఇప్పటి ఫ్రాన్స్‌లో తాను కట్టుకున్న లుక్సోయ్ మఠం నుంచి అతన్ని వెళ్లగొట్టారు. 613లో ఇటలీ నుంచి పోప్ బోనిఫేస్‌కు ఉత్తరం రాశాడు. దాని మొదట్లో తన గురించి అతను వాడిన మాట ‘హ్యూమిల్లిముస్’, అంటే అందరికంటే కిందివాడు. మన ‘ఊఅల్’కు తల్లి అయిన మాటే. అత్యున్నతుడికి అందరికంటే కిందివాడు, మహనీయుడికి అల్పుడు, పట్నవాసికి పల్లెటూరివాడు, గొప్ప వక్తకు మాటలు తడబడేవాడు రాస్తున్నాడు అంటూ సాగుతుంది. ఇంత కిందికి దిగినవాడు తర్వాత ఏం రాశాడనుకున్నారు? పోప్‌నే మేలుకోమన్నాడు. మతంలో తప్పు జరిగిందనే అపవాదు రోము మీద పడింది, దాన్ని కడుక్కోమన్నాడు. పదవి పెద్దదైనా నమ్మకం నిలబడేది సత్యం వల్లనే అన్న ధోరణిలో పేజీలకు పేజీలు నిలదీశాడు.

పాట్రిక్ కూడా అంతే. పదహారేళ్ల వయసులో ఐర్లండ్ దొంగల చేతికి చిక్కి ఆరేళ్లు బానిసగా గొర్రెలు కాశాడు. తన ఆత్మకథను ‘నేను పాట్రిక్, పాపిని, చదువు లేని మొరటువాణ్ణి, విశ్వాసులందరిలో ఆఖరివాణ్ణి’ అని మొదలుపెట్టాడు. ఆ మనిషే, తాను బాప్తిస్మం ఇచ్చినవాళ్లను కొరోటికుస్ అనే పాలకుడి సైనికులు చంపి, మిగిలినవాళ్లను బానిసలుగా అమ్ముకుంటే, వాళ్లతో కలిసి అన్నం తినొద్దు, నీళ్లు తాగొద్దు అని బహిరంగంగా ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం మొదట్లోనూ తనను చదువురాని పాపి అనే చెప్పుకున్నాడు. వినయం ఆయన నోరు నొక్కలేదు. పైవాడి ముందు తాను ఏమీ కానని నమ్మినవాడికి రాజు ముందు భయం ఎందుకుంటుంది?

మరి మీ వ్యాసం చెప్పిన ‘తల వంచి బతకడం’ ఎక్కడి నుంచి వచ్చింది? అది కూడా అబద్ధం కాదు, చాలా తర్వాతి కాలపు సంగతి. మాటలోని రెండో సగం, అంటే విధేయత, కిందివాళ్ల వాటాకు మాత్రమే మిగిలినప్పటి సంగతి. మా దగ్గరున్న ఒక పెద్దావిడ ఎవరితోనైనా ‘తూ’ అనే మాట్లాడతారు. ఐరిష్‌లో నువ్వు, మీరు అనే తేడా లేదు. ‘షివ్’ అంటే మీరందరూ అని, మామూలుగా ఒక్కరితో ఆ మాట అనరు. డాక్టరైనా, నేనైనా, పేపరు వేసే కుర్రాడైనా ‘తూ’నే. ఫాదర్ వచ్చినప్పుడు మాత్రం ఆవిడ ‘షివ్’ అంటారు. కొన్ని ప్రాంతాల పాతతరం వాళ్లకు అది అలవాటు. చేతులు ఒళ్లో పెట్టుకుని, దుప్పటి సర్దుకుని, చిన్నపిల్లలా సిద్ధమవుతారు. మా అమ్మ ఇలాగే ఉండమనేది, ‘ఊఅల్’గా ఉండమనేది అని నాతో చెప్పారు. ఆవిడ దాన్ని ఫిర్యాదుగా చెప్పలేదు. విన్న నాకే మనసు బరువెక్కింది.

ఎందుకంటే గాల్వేలో ఫార్‌స్టర్ స్ట్రీట్‌లో ఒక స్త్రీ రాతి విగ్రహం ఉంది. బస్ స్టేషన్ వైపు వెళ్లేటప్పుడు దాని పక్కనుంచే నడుస్తాను. అక్కడ ఒకప్పుడు మగ్దలీన్ లాండ్రీ ఉండేది. పెళ్లి కాకుండా గర్భం వచ్చిన ఆడపిల్లలను, దిక్కులేనివాళ్లను, ‘మాట విననివాళ్లు’ అనిపించుకున్నవాళ్లను సిస్టర్ల ఆధ్వర్యంలో నడిచే ఇలాంటి లాండ్రీల్లో పెట్టి జీతం లేకుండా బట్టలు ఉతికించేవాళ్లు. దేశంలో ఆఖరిది డబ్లిన్‌లో 1996లో మూతపడింది. ప్రభుత్వం తరఫున అప్పటి ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2013లో. దిక్కులేని, పేద పిల్లలను ఉంచడానికి చర్చి నడిపిన ఇండస్ట్రియల్ స్కూళ్లలో పిల్లలు పడ్డ హింస గురించి విచారణ కమిషన్ నివేదిక 2009లో వచ్చింది. వేల పేజీల ఆ నివేదికలో కమిషన్ స్పష్టంగా చెప్పిన సంగతుల్లో ఒకటి, చర్చి పట్ల ప్రభుత్వ విద్యాశాఖకున్న అతి వినమ్ర ధోరణి వల్ల ఆ స్కూళ్లను సరిగ్గా తనిఖీ చేయలేకపోయిందని. అధికారులే తల వంచి నిలబడ్డారు, పిల్లలు ఎవరికి చెప్పుకుంటారు?

ఒక మాట వల్ల ఇదంతా జరిగిందని నేను అనడం లేదు. ఇంగ్లిష్ మాట్లాడే ఊళ్లలోనూ ఇదే జరిగింది. కానీ వినయం, విధేయత ఒకే మాటలో ఇరుక్కున్నప్పుడు, ఎదురు ప్రశ్న వేసిన పిల్లను వినయం లేనిదని అనేయడం చాలా తేలిక. ఈ చరిత్ర చెప్పకుండా ‘పిల్లలకు నేర్పాల్సిన గుణం’ అని ఆ మాటను అందంగా పెట్టె కట్టి ఇవ్వడం నాకు అన్యాయంగా అనిపించింది.

ఐరిష్ వాళ్లు పుట్టుకతో సాధువులన్న మాట కూడా దయచేసి వెనక్కి తీసుకోండి. తమ భాషలోనే తక్కువతనానికి వాళ్లకు ఇంకో మాట ఉంది, కింద అనే అర్థమున్న ‘ఈషల్’ నుంచి కట్టిన ‘ఇరీషల్’. దానికి నీచమైన అనే ఛాయ కూడా ఉంది. ఒకరిని అవమానించడమనే క్రియ దాన్నుంచే వస్తుంది. ఇలా తగ్గడానికీ తగ్గించబడటానికీ వాళ్లు వేర్వేరు మాటలు వాడుకుంటున్నారు. ‘ఈషల్’కు ఎదురు ‘ఊఅసల్’, అంటే ఉన్నతుడు. ఎవరూ ఊఅసల్ కాదు, ఎవరూ ఈషల్ కాదు, కాసేపు పైన, కాసేపు కింద అని వాళ్లకొక సామెత ఉంది. ప్రాసతో ఎంతో బాగుంటుంది. మా పెద్దవాళ్లు పేకాటలో ఓడినా అనేస్తారు. ఆ సామెత చెప్పుకునే జనాన్ని పుట్టు సాధువులంటే ఎలా?

‘ఊఅల్’కు మూడో అర్థం కూడా ఉంది, మీ వ్యాసంలో అసలు లేనిది. సులువుగా వంగేది, బిరుసు లేనిది, చురుగ్గా కదిలేది అని. ఇది నాకు పుస్తకంలో కంటే ముందు మా యాక్టివిటీ గదిలో దొరికింది. పడుచువయసులో పీట్, అంటే పొయ్యిలోకి వాడే బురదనేల మట్టిగడ్డలు, మోయడానికి, సముద్రపు నాచు మోయడానికి బుట్టలు అల్లిన పెద్దాయన ఒకరు మా దగ్గర ఉండేవారు. అప్పటికే ఆయనకు మాటలు బాగా తగ్గిపోయాయి. ఒకరోజు బుట్టలల్లడం నేర్పేవాళ్లు వచ్చి, నానబెట్టిన విల్లో బెత్తాలు ఒక తొట్టిలో పెట్టి తెచ్చారు. ఆయన ఎవరూ చెప్పకుండానే చెయ్యి ముంచి ఒక్కో బెత్తం తీశారు. లావు చివర ఎడమచేత్తో పట్టుకుని, బొటనవేలి చుట్టూ నెమ్మదిగా తిప్పుతున్నారు. కొన్ని టక్కుమని చిట్లితే నేల మీద పడేశారు. చుట్టూ తిరిగి, వదలగానే మళ్లీ నిటారుగా లేచినవాటిని ఒళ్లో పెట్టుకుంటూ ‘ఊఅల్’ అన్నారు. ఇంకోటి తీశారు, మళ్లీ ‘ఊఅల్’. మెత్తగా కుళ్లిపోయి, వంచినచోటే వేలాడిపోయిన బెత్తం ఒకటి వచ్చింది. దాన్ని కూడా చిట్లినవాటి పక్కనే పడేశారు, ఆ మాట అనలేదు.

మీ అనుబంధంలో సవరణ వేసే వీలుంటే నా కోరికలు ఇవి. మాటను ‘ఊలీఅఖ్త్’ అని వేయండి. లాటిన్ నుంచి చర్చి ద్వారా వచ్చిందని రాయండి. అర్థం దగ్గర వినయం, విధేయత రెండూ పెట్టి, విశేషణానికి సులువుగా వంగే గుణం అనే అర్థం కూడా ఉందని చేర్చండి. పుట్టుకతో సాధుస్వభావులన్న వాక్యం తీసేయండి. అదే వ్యాసంలో స్కాట్లండ్ గేలిక్ మాట అని ఇచ్చినది కూడా ఇంగ్లిష్ అక్షరాలను బట్టి దించినట్టే ఉంది. ఆ భాష తెలిసినవాళ్లకు చూపించి సరిచేయించగలరు.

ఇట్లు,
ఒక తెలుగు నర్సు,
గాల్వే, ఐర్లండ్